మీడియా మానిటరింగ్ సాఫ్ట్‌వేర్‌లో సెర్చ్ ఫిల్టర్లు ఎలా సేవ్ చేసుకోవాలి, మళ్ళీ ఎలా వాడుకోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. కొత్తగా ఒక సంస్థ మీడియా టీమ్‌లో చేరారు. రోజూ పొద్దున్నే, పత్రికల్లో, వెబ్‌సైట్లలో తమ సంస్థ గురించి వచ్చిన వార్తలు వెతికి చూపే మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి అవే పేర్లు, అవే పత్రికలు, అదే భాష, అవే తేదీలు మళ్ళీ మళ్ళీ పెట్టుకుంటున్నారు. సేవ్ చేసుకుందామంటే మీకంటే ముందున్నవాళ్ళు సేవ్ చేసి వదిలేసిన ఫిల్టర్లు 60 దాకా ఉన్నాయి, ఏది దేనికో తెలియదు. మీరే ఒకటి తయారు చేసుకుంటే పక్క సీటాయన దాన్ని మార్చేశారు, మీ రిపోర్టులో లెక్క తప్పింది. ఏం చేయాలి?

ముందు సూటిగా జవాబు. మొత్తాన్ని ఒకే ముద్దగా సేవ్ చేయకండి, మూడు ముక్కలుగా చేయండి. ఏం కావాలి అన్నది ఒక ముక్క. ఏం వద్దు అన్నది ఇంకో ముక్క. ఎలా చూడాలి (తేదీ, భాష, పత్రికలు, సెంటిమెంట్ అంటే వార్త అనుకూలమా వ్యతిరేకమా అన్నది) అన్నది మూడోది. తేదీని ఎప్పుడూ "గత 7 రోజులు" లాంటి కదిలే తేదీగానే ఉంచండి. పదిమంది వాడే ఫిల్టర్‌ను మార్చే హక్కు ఒక్కరికే ఉండాలి, మిగతావాళ్ళు కాపీ తీసుకుని ఆ కాపీని మార్చుకోవాలి. ప్రతి ఫిల్టర్ పక్కన అది ఎందుకు పుట్టిందో ఒక వాక్యం రాసి పెట్టండి.

ఇంతవరకు చదివి పని మొదలుపెట్టేసినా ఫర్వాలేదు. కింద రాసేది నేనెక్కడెక్కడ బోల్తా పడ్డానో ఆ కథ.

నేను ఈ పనిలో పదకొండేళ్ళుగా ఉన్నాను. మొదటి రెండేళ్ళు చేతిలో కత్తెర, పక్కన జిగురు సీసా. పేపర్లు చదవడం, క్లయింట్ వార్త కనిపిస్తే కత్తిరించి అంటించడం. ఆ పనిలో ఒక సుఖం ఉండేది. మనం వదిలేసిన వార్త కూడా మన కళ్ళముందు నుంచే పోయేది. "ఇదెందుకు వదిలేశావు" అని ఎవరైనా అడిగితే చెప్పగలిగేవాళ్ళం. ఫిల్టర్‌తో ఆ సౌకర్యం పోయింది. అది చూపించింది చూస్తాం, దాచింది దాచిందని కూడా తెలియదు. ఒక్కరోజుకు పెట్టుకున్న ఫిల్టర్ తప్పయితే ఒక్కరోజు నష్టం. సేవ్ చేసిన ఫిల్టర్ తప్పయితే ఎవరో కనిపెట్టేదాకా రోజూ అదే తప్పు. అందుకే సేవ్ బటన్ దగ్గర కాస్త ఆగమంటాను.

"వద్దు" జాబితా దగ్గరే ఎక్కువ ప్రమాదం

మా పాత క్లయింట్లలో ఒక సబ్బుల కంపెనీ ఉండేది. అసలు పేరు చెప్పను, "మల్లె" అనుకోండి. ఆ పేరుతో వెతికితే రోజుకు 300 దాకా వార్తలు వచ్చి పడేవి. అందులో కంపెనీవి పాతిక కూడా ఉండేవి కావు. మిగతావన్నీ పూల ధరలు, మల్లె సాగులో మెళకువలు, ఆదివారం అనుబంధంలో కవితలు. విసిగిపోయి మా కుర్రాడొకడు "వద్దు" జాబితాలో తోట, సాగు, రైతు, పూలు, జడ అన్న మాటలు పెట్టి సేవ్ చేశాడు. మర్నాటి నుంచి రోజుకు ఇరవై, ముప్ఫై వార్తలు, అన్నీ కంపెనీవే. అందరం వాణ్ణి మెచ్చుకున్నాం.

ఏడు నెలల తర్వాత క్లయింట్ నుంచి ఫోన్. "ఫ్యాక్టరీ నీళ్ళు తోటల్లోకి వదులుతున్నారని రైతులు మూడు రోజులుగా ధర్నా చేస్తున్నారు. పేపర్లన్నీ రాస్తున్నాయి. మీ రిపోర్టులో ఒక్క ముక్క లేదేమిటి?"

ఆ వార్తలో తోట ఉంది, రైతు ఉంది. ఫిల్టర్ చెప్పిన పని చెప్పినట్టే చేసింది.

ఆ తర్వాత దాన్ని సరిచేయడానికి మేం పట్టిన దారి మీకు పనికొస్తుంది. మొదట విడి మాటలు తీసేసి జంట మాటలు పెట్టాం. "తోట" బదులు కొటేషన్ గుర్తుల్లో "మల్లె తోట", "సాగు" బదులు "మల్లె సాగు". ఇది కొంత నయమే గానీ పూర్తి మందు కాదు. ఒకే వ్యాసంలో మల్లె తోట గురించీ, మల్లె కంపెనీ గురించీ ఉంటే నాట్ (ఇది ఉంటే వద్దు అని చెప్పే మాట) దెబ్బకు మొత్తం వ్యాసమే పోతుంది. అందుకని చివరికి "వద్దు" జాబితాను దాదాపు ఖాళీ చేసి, "కావాలి" వైపు గట్టిగా రాశాం:

మల్లె నియర్/10 (సబ్బు ఆర్ షాంపూ ఆర్ కంపెనీ ఆర్ ఫ్యాక్టరీ ఆర్ యాజమాన్యం ఆర్ షేరు)

అంటే మల్లె అన్న మాటకు పది మాటల దూరంలో వీటిలో ఏదో ఒకటి ఉండాలి. నియర్‌ను ఎలా రాయాలో సాఫ్ట్‌వేర్‌ను బట్టి మారుతుంది. కొన్నింటిలో కొటేషన్ గుర్తుల తర్వాత టిల్డ (~) గుర్తు, అంకె పెట్టాలి. మీ దాంట్లో సహాయం పేజీ చూసుకోండి. వచ్చే వార్తలు రోజుకు నలభై అయ్యాయి, అందులో పది పనికిరానివి. ఆ పదింటినీ కంటితో చూసి పక్కన పెట్టడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. ఆ నాలుగు నిమిషాలు మిగుల్చుకోబోయి ధర్నా వార్త పోగొట్టుకున్నాం.

"వద్దు" జాబితా నెలనెలా పెరుగుతూ పోతోందంటే, "కావాలి" అన్నది సరిగ్గా చెప్పలేదన్నమాట. నా లెక్కలో పదిహేను మాటలు దాటిన "వద్దు" జాబితాను మొదటినుంచి మళ్ళీ రాసుకోవాల్సిందే.

సేవ్ చేసే ముందు తలకిందులు చేసి చూడండి. నాట్ ఉన్నచోట ఆండ్ (ఇదీ ఉండాలి అని చెప్పే మాట) పెట్టి ఒకసారి వెతకండి. అప్పుడు తెర మీదకు వచ్చేవన్నీ మీ ఫిల్టర్ రేపటి నుంచి దాచబోయే వార్తలు. అందులోంచి ఒక యాభై హెడ్డింగులు చదవండి. రెండు మూడు పనికొచ్చేవి కనిపించినా ఆ మాటను తీసేయండి. దీనికి పది నిమిషాలు చాలు. చాలామంది చేయనిది ఇదొక్కటే.

బ్రాకెట్లు: ముక్కలు కలిపేటప్పుడు వచ్చే తంటా

ముక్కలుగా సేవ్ చేసుకోమన్నాను కదా. ఆ ముక్కలు అతికేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. మీ దగ్గర "సబ్బు ఆర్ షాంపూ" అని ఒక ముక్క ఉంది. దాన్ని తెచ్చి మల్లె పక్కన అతికిస్తే ఇలా తయారవుతుంది:

మల్లె ఆండ్ సబ్బు ఆర్ షాంపూ

చదివే మనిషికి "మల్లె వాళ్ళ సబ్బు గానీ షాంపూ గానీ" అని అర్థమవుతుంది. చాలా సాఫ్ట్‌వేర్లు ముందు ఆండ్‌ను కట్టిపడేసి, ఆ తర్వాత ఆర్ దగ్గరకు వస్తాయి. అంటే దానికి అర్థమయ్యేది "మల్లె సబ్బు ఉన్న వార్త, లేదా ప్రపంచంలో ఏ షాంపూ వార్తయినా". కొన్ని ఇంజిన్లు ఈ వరసను కూడా సరిగ్గా పాటించవు. లూసీన్ అనే ఓపెన్ సోర్స్ సెర్చ్ లైబ్రరీ మీద కట్టిన సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నాయి. మనం రాసిన ప్రశ్నను చదివి అర్థం చేసుకునే దాని మామూలు క్వెరీ పార్సర్‌లో ఆండ్, ఆర్ కలిపి బ్రాకెట్లు లేకుండా రాస్తే వచ్చే ఫలితం బడిలో నేర్చుకున్న లాజిక్‌తో కుదరకపోవచ్చు. కాబట్టి ప్రతి ముక్కనూ సేవ్ చేసేటప్పుడే చుట్టూ బ్రాకెట్లు పెట్టి సేవ్ చేయండి. ఒక్కటే మాట ఉన్నా సరే. రేపు దానికి ఇంకో మాట కలిపే చెయ్యి మీది కాకపోవచ్చు.

తేదీ

ఇది నా సొంత తప్పు, కాబట్టి పూర్తిగా చెబుతాను. ఒక వారం వ్యతిరేక వార్తలన్నీ చూడటానికి ఫిల్టర్ పెట్టాను. క్యాలెండర్‌లో సోమవారం నుంచి ఆదివారం దాకా నొక్కి, సేవ్ కొట్టాను. "గత 7 రోజులు" అన్న ఎంపిక పక్కనే ఉంది, చూడలేదు. తర్వాత సోమవారం అదే ఫిల్టర్ తెరిస్తే పాత వారం వార్తలే వచ్చాయి. అది వెంటనే పట్టుకున్నాను. బాగానే ఉంది. కానీ అదే ఫిల్టర్ మీద ఒక అలర్ట్ కూడా కట్టి పెట్టానన్న సంగతి మర్చిపోయాను. ఆ అలర్ట్ పాత తేదీల్లో కొత్త వార్తల కోసం వెతుకుతూ కూర్చుంది. వస్తాయా? రాలేదు. "ఈ వారం వ్యతిరేక వార్తలేవీ నమోదు కాలేదు" అని క్లయింట్‌కు రెండు వారాలు వరసగా రాసి పంపాను. మూడో వారం వాళ్ళే ఒక క్లిప్పింగు పంపి, "ఇది వ్యతిరేకం కిందికి రాదా అండీ?" అని మర్యాదగా అడిగారు. తిట్టినా అంత సిగ్గనిపించేది కాదు.

అప్పటి నుంచి సున్నా వచ్చిందంటే సంతోషించను, ఫిల్టర్ తెరిచి చూస్తాను.

కదిలే తేదీల్లోనూ తేడాలున్నాయి. "గత 24 గంటలు", "నిన్న" ఒకటి కాదు. రోజూ 9 గంటలకు "గత 24 గంటలు" నడిపే మీరు ఒకరోజు 9:40కి నడిపారనుకోండి, నిన్నటి 9 నుంచి 9:40 మధ్య వచ్చినవి జారిపోతాయి. రోజువారీ రిపోర్టుకు "నిన్న" నయం, అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా లెక్క తెగుతుంది. అయితే ఆ అర్ధరాత్రి ఏ టైమ్ జోన్‌దో సెట్టింగుల్లో చూసుకోండి. అకౌంట్ తెరిచినవాళ్ళు మార్చకపోతే అది యూటీసీలోనే (ప్రపంచ ప్రామాణిక సమయంలోనే) ఉండిపోయే అవకాశం ఉంది. సెలవు తర్వాత రోజుకు వేరే ఫిల్టర్ సేవ్ చేసి పెట్టుకోండి, 72 గంటలది.

ఇంకోటి. వార్త అచ్చయిన సమయం వేరు, సాఫ్ట్‌వేర్‌కు చేరిన సమయం వేరు. అచ్చు పేపర్లను స్కాన్ చేసి ఓసీఆర్‌తో అక్షరాలు చదివించే చోట ఈ ఆలస్యం గంటల్లో ఉంటుంది. పొద్దున 9కి "నిన్న అచ్చయినవి" అని వెతికేసరికి కొన్ని ఇంకా లోపలికే రాలేదు. మర్నాడు వెతికితే అవి "మొన్నటివి" అయిపోయి ఉంటాయి. రెండు రోజులూ దొరకవు. మీ సాఫ్ట్‌వేర్‌లో "సిస్టమ్‌లోకి వచ్చిన తేదీ" అన్న ఎంపిక ఉంటే అలర్టులకు అదే వాడండి. లేకపోతే వారానికోసారి మొత్తం వారాన్ని మళ్ళీ నడిపి, జారిపోయినవి ఏరుకోండి.

తెలుగులో వెతికేవాళ్ళకు మాత్రమే

ఈ సాఫ్ట్‌వేర్లలో చాలావాటి వెనకున్న ఆలోచన ఇంగ్లిషు మాటలను దృష్టిలో పెట్టుకుని పుట్టింది. మాట చివర ఒక ఎస్ చేరితే చాలు అన్నట్టు ఉంటాయి. మనకేమో కంపెనీ, కంపెనీకి, కంపెనీలో, కంపెనీతో, కంపెనీయే, కంపెనీలన్నీ. అందుకే స్టార్ గుర్తు పెట్టి కంపెనీ* అని రాసుకోవాలి. ఇది తేలిక. "పుస్తకం" దగ్గర చూడండి. పుస్తకం* అని రాస్తే పుస్తకానికి, పుస్తకాలు, పుస్తకాల్లో ఏవీ దొరకవు. సున్నా దాకా వెళ్ళకుండా పుస్తక* దగ్గరే ఆపాలి. "ఇల్లు" అయితే స్టార్ కూడా కాపాడలేదు. ఇంటి, ఇంట్లో, ఇళ్ళు, ఇళ్లు అని విడివిడిగా రాసుకోవాల్సిందే. చాలా సాఫ్ట్‌వేర్లలో కొటేషన్ గుర్తుల లోపల స్టార్ పని చేయదన్నది కూడా గుర్తుంచుకోండి.

అరువు మాటల స్పెల్లింగులు ఇంకో గొడవ. బ్యాంకు, బ్యాంక్, బాంకు. ఫ్యాక్టరీ, ఫ్యాక్టరి, ఫాక్టరీ. ఒక్కో పత్రికకు ఒక్కో పద్ధతి.

వీటన్నిటికంటే మోసకారి కంటికి కనిపించని అక్షరం. "సాఫ్ట్‌వేర్" అన్న మాటను చూడండి. ట పొల్లుకూ వే కూ మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అక్షరం ఒకటి ఉంది. అది లేకుండా టైప్ చేస్తే వకారం వత్తుగా మారి "సాఫ్ట్వేర్" అవుతుంది. చదివేటప్పుడు రెండూ ఒకటే. వెతికేటప్పుడు, సాఫ్ట్‌వేర్ ఆ అక్షరాన్ని పట్టించుకోకుండా ఉండేలా తయారు చేయకపోతే, రెండూ వేరు వేరు మాటలు. కొందరు విలేకరులు ఒకలా టైప్ చేస్తారు, కొందరు ఇంకోలా. మీ క్లయింట్ పేరులో పొల్లు అక్షరం మధ్యలో వచ్చి ఉంటే ఇప్పుడే రెండు రకాలుగానూ వెతికి చూడండి. రెండు లెక్కలూ వేరుగా వస్తే రెండూ ఆర్‌తో కలిపి ఫిల్టర్‌లో పెట్టండి. పైగా చూడ్డానికి ఒకేలా ఉంటాయి కాబట్టి, "ఇదేంటి, ఒకే మాట రెండుసార్లు ఉంది" అని ఎవరో ఒకటి కొట్టేస్తారు. మా దగ్గర కొట్టేశారు కూడా. అందుకే పక్కన నోట్ రాయండి: "రెండూ వేరు, తీయొద్దు."

ఈ మాటల గుంపులన్నీ ఒకసారి కష్టపడి తయారు చేసి విడి ముక్కలుగా దాచుకుంటే, ఆ తర్వాత ఏ క్లయింటుకైనా అతికించుకోవచ్చు. నా దగ్గర "కోర్టు మాటలు", "ప్రమాదం మాటలు", "సమ్మె మాటలు" అని అలాంటివి పదకొండు ఉన్నాయి. సమ్మె ముక్కలో సమ్మె, ధర్నా, బంద్, నిరసన, ఆందోళన, బైఠాయింపు, లాకౌట్, అన్ని రూపాలతో. కొత్త క్లయింట్ వస్తే పేరు మాత్రమే కొత్తగా రాస్తాను. మళ్ళీ వాడుకోవడం అంటే నాకు ఇదే.

సెంటిమెంట్‌ను సేవ్ చేయొద్దు

కనీసం అలర్టుల్లో. "వ్యతిరేక వార్తలు మాత్రమే" అని సేవ్ చేసుకుంటే బాగానే ఉంటుందనిపిస్తుంది. "అద్భుతమైన సర్వీస్! మూడోసారి ఫోన్ చేసినా ఎత్తలేదు" అన్న పోస్టును మా సాఫ్ట్‌వేర్ అనుకూలం కింద వేసింది. అటు పక్క, మీ సంస్థ వరద బాధితులకు సాయం చేసిందన్న వార్తలో మృతులు, నష్టం, కన్నీళ్ళు ఉంటాయి కాబట్టి వ్యతిరేకం కింద వేస్తుంది. సెంటిమెంట్‌ను చూసే పద్ధతిగా వాడుకోండి, వరస మార్చుకోవడానికి వాడుకోండి. జల్లెడగా వద్దు.

పత్రికల జాబితా గురించి రెండు మాటలు. ఒక్కొక్క పత్రికనూ టిక్ పెట్టి సేవ్ చేస్తే, రేపు కొత్తగా చేరిన వెబ్‌సైట్ అందులో ఉండదు. పాత సైటు అడ్రసు మారితే చప్పుడు చేయకుండా రాలిపోతుంది. సాఫ్ట్‌వేర్ తనే నడిపే గుంపులు (దినపత్రికలు, టీవీ, బ్లాగులు లాంటివి) ఉంటే అవి వాడండి. చేత్తో టిక్ పెట్టడం తప్పనిసరైతే ఆరు నెలలకోసారి జాబితా తిరగేయండి.

సేవ్ చేసిన సెర్చ్ లోపల ఏం జరుగుతుంది?

ఇది తెలిస్తే సగం అయోమయం పోతుంది. మామూలుగా వెతికేటప్పుడు ప్రశ్న వెళ్ళి పాత వార్తల గుట్టలో జవాబు వెతుక్కుంటుంది. అలర్టులో చాలాచోట్ల ఇది తిరగబడుతుంది. ప్రశ్నలు కదలకుండా కూర్చుని ఉంటాయి, కొత్తగా వచ్చిన ప్రతి వార్తా ఆ ప్రశ్నల ముందు నుంచి నడిచి వెళుతుంది. ఏ ప్రశ్నకు సరిపోతే ఆ బుట్టలో పడుతుంది. ఎలాస్టిక్‌సెర్చ్ అనే సెర్చ్ ఇంజిన్‌లో దీనికి పెర్కొలేటర్ అని పేరు.

దీని వల్ల వచ్చే చిక్కు: కొన్ని సాఫ్ట్‌వేర్లు మీరు సేవ్ చేసిన క్షణం నుంచే వార్తలు పోగు చేస్తాయి, వెనక్కి వెళ్ళవు. మరికొన్ని పాత నిల్వల్లోనూ వెతుకుతాయి. మొదటి రకమైతే, మార్చి 10న మీరు ఫిల్టర్‌కు కొత్త మాట కలిపితే గ్రాఫు మార్చి 10న గోడ ఎక్కినట్టు పైకి లేస్తుంది. బయట ప్రపంచంలో ఏమీ జరగలేదు, మీరు ఒక మాట కలిపారంతే. అందుకే మార్చిన ప్రతిసారీ తేదీ, ఏం మార్చారో రాసి పెట్టండి. నెల రిపోర్టు రాసేటప్పుడు ఆ గోడ ఎందుకొచ్చిందో మీకే గుర్తుండదు.

ఒకే ఏజెన్సీ వార్త నలభై సైట్లలో వచ్చినప్పుడు దాన్ని ఒకటిగా లెక్కేయాలా, నలభైగానా అన్న స్విచ్ కూడా ఇంతే. అలర్టుకు ఒకటిగా చూపించండి, లేకపోతే ఫోన్ మోగుతూనే ఉంటుంది. లెక్కల రిపోర్టుకు ఏదో ఒకటి ఎంచుకుని ఇక మార్చకండి.

పేర్లు

మీ 60 ఫిల్టర్లలో "కొత్తది", "కొత్తది 2", "ఫైనల్", "ఫైనల్ అసలుది", "టెస్ట్ తీయొద్దు" ఉండే ఉంటాయి. మేం పెట్టుకునే వరస ఇదీ: క్లయింట్, విషయం, భాష, ఎందుకు, ఎవరిది. ఉదాహరణకు "మల్లె – కాలుష్యం – తెలుగు – రోజు అలర్ట్ – ప్రెస్ టీమ్". పొడుగ్గా ఉన్నా జాబితాలో చూడగానే తెలుస్తుంది. వివరణ పెట్టె ఉంటే అందులో ఎందుకు పెట్టామో రాయండి. "ధర్నా వార్త తప్పిపోయాక తోట, రైతు తీసేశాం" అన్న ఒక్క వాక్యం, కొత్తగా వచ్చినవాళ్ళు మళ్ళీ అదే తోటను తెచ్చి పెట్టకుండా ఆపుతుంది.

ఆ 60 ఫిల్టర్లను ఏం చేయాలి?

వెంటనే డిలీట్ చేయకండి. నేను చేశాను. మూడు నెలలుగా ఎవరూ తెరవనిది కదా అని ఒకటి తీసేశాను. అది మూడు నెలలకోసారి నడిచే రిపోర్టు కింద ఉన్న పునాది. ఆ రిపోర్టు తయారు కావాల్సిన రోజు పొద్దున ఖాళీ పేజీలు వచ్చాయి. ఆ రోజంతా టెన్షన్.

మీరు ఇలా చేయండి. ఒక్కోదాన్నీ తెరిచి, దాని మీద ఏ అలర్టు, ఏ డ్యాష్‌బోర్డు, ఏ రిపోర్టు ఆధారపడి ఉందో చూడండి. ఆధారపడింది ఏమీ లేకపోతే పేరు ముందు "పాత" అని చేర్చి కిందికి తోసేయండి. నాలుగు నెలలు ఆగండి, అంటే మూడు నెలల రిపోర్టు కనీసం ఒకసారి నడిచేదాకా. ఎవరూ అరవకపోతే అప్పుడు తీయండి. 60లో నిజంగా వాడేవి పది, పన్నెండు తేలతాయని నా అంచనా.

తీసే ముందు ప్రతిదాని పూర్తి రాతనూ కాపీ చేసి సాఫ్ట్‌వేర్ బయట ఒక షీట్‌లో పెట్టుకోండి. నేను దీని మీద కాస్త మొండిగా ఉంటాను. సాఫ్ట్‌వేర్లు శాశ్వతం కాదు. వెబ్‌సైట్లలో కొత్తగా వచ్చినవి ఒకేచోట చదువుకునే గూగుల్ రీడర్ 2013 జూలై 1న మూతపడింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పోస్టులు గమనించడానికి ఎందరో జర్నలిస్టులు వాడిన క్రౌడ్‌ట్యాంగిల్‌ను మెటా 2024 ఆగస్టు 14న ఆపేసింది. ఏళ్ళ తరబడి పేర్చుకున్న జాబితాలు బయట రాసి పెట్టుకున్నవాళ్ళకు కొత్త చోట మొదలుపెట్టడం తేలికైంది. ఆ షీట్ చేతిలో ఉంటే కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మారడం రెండు రోజుల పని. నియర్, స్టార్ రాసే తీరు మార్చుకుంటే చాలు.

పేర్లు మారినప్పుడు కూడా ఆ షీటే ఆదుకుంటుంది. 2023 జూలైలో ట్విట్టర్ కాస్తా ఎక్స్ అయింది. "ట్విట్టర్" అన్న మాట ఉన్న ఫిల్టర్లు ఎన్ని ఉన్నాయో షీట్‌లో ఒక్కసారి వెతికితే తేలిపోయింది. పాత పేరు తీసేయలేదు, కొత్తది పక్కన చేర్చాం. అయితే "ఎక్స్" అన్నది ఒక్కటే పెడితే లెక్కల పాఠం నుంచి ఎక్స్‌రే దాకా అన్నీ వస్తాయి కాబట్టి, దాని పక్కన పోస్ట్*, ఖాతా*, వేదిక* లాంటి మాటలు దగ్గర్లో ఉండాలని నియర్ పెట్టాల్సి వచ్చింది.

ఇక మీ పక్క సీటాయన సంగతి

ఆయన తప్పేం లేదని నా అభిప్రాయం. మా ఆఫీసులో ఇదే జరిగింది. ఒక గొడవ వార్త మీద రోజుకు 140 దాకా వస్తున్నాయి. ఒకరోజు 50కి పడిపోయాయి. మీటింగులో అందరూ "హమ్మయ్య, చల్లబడింది" అన్నారు. చల్లబడలేదు. మా సహోద్యోగి తన ఇంగ్లిషు రిపోర్టు కోసం అదే ఫిల్టర్ తెరిచి, భాష ఇంగ్లిషుగా మార్చుకుని, బయటికి వచ్చేటప్పుడు "మార్పులు సేవ్ చేయాలా?" అంటే అవునన్నాడు. ఎవరైనా అవుననే అంటారు.

అందుకని రెండు పనులు చేయండి. అడ్మిన్‌ను అడిగి, అందరూ వాడే ఫిల్టర్లను "చూడొచ్చు, మార్చకూడదు" కింద పెట్టించండి. ఆ సౌకర్యం లేకపోతే పేరు ముందు "కాపీ తీసుకోండి" అని రాసేయండి, అది కూడా బాగానే పని చేస్తుంది. రెండోది, భాషను, తేదీని అసలు ఫిల్టర్‌లో ఉంచకండి. పైన చెప్పిన మూడు ముక్కల పద్ధతిలో ఆయన తన భాషను తన మూడో ముక్కలో పెట్టుకుంటారు, మీ మొదటి ముక్క ముట్టుకునే అవసరమే రాదు.

ఒక్కటి మాత్రం మీరే పరీక్షించి తెలుసుకోవాలి. మీ సాఫ్ట్‌వేర్‌లో అలర్ట్ ఫిల్టర్‌ను పట్టుకుని ఉంటుందా, లేక అలర్ట్ పెట్టిన రోజున కాపీ తీసుకుని విడిపోతుందా? మొదటి రకమైతే ఫిల్టర్ మారిస్తే అలర్టూ మారుతుంది. రెండో రకమైతే ఫిల్టర్ ఎన్నిసార్లు సరిచేసినా అలర్ట్ పాత తప్పుతోనే నడుస్తుంది. ఎవరికీ పంపని ఒక ఉత్తుత్తి ఫిల్టర్ చేసి, దాని మీద మీ మెయిల్‌కు మాత్రమే అలర్ట్ పెట్టి, మర్నాడు ఫిల్టర్‌లో మాట మార్చి చూడండి. ఏ మాట మీద మెయిల్ వస్తుందో దాన్ని బట్టి తెలిసిపోతుంది. రెండో రకమని తేలితే, ఫిల్టర్ మార్చిన ప్రతిసారీ అలర్టును తీసి కొత్తగా పెట్టుకోవాలి. ఆ సంగతి కూడా షీట్‌లో పై వరసలోనే రాసేయండి.